ఎంతమందిని అడగాలి? ఎన్ని టిక్కీలు విప్పాలి?

పాఠకుల ప్రశ్నలు – గణాంకశాస్త్ర శీర్షిక

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గుంటూరు, విజయవాడల నుంచే వచ్చాయి. అడిగిన సందర్భాలు వేరైనా అన్నింటి వెనుకా ఒకటే సందేహం ఉన్నందున వాటిని కలిపి ఇస్తున్నాను.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ చదివి, గుంటూరు మిర్చి యార్డులో నాన్నగారి కమిషన్ వ్యాపారంలో చేరాను. 400 టిక్కీల (మిర్చి బస్తాల) తేజ రకం లాట్‌లో 16 టిక్కీలు విప్పి తేమ కొలిచాను. సగటు 11.2 శాతం, క్రమవిచలనం 1.6 వచ్చాయి. కంప్యూటర్ 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 10.35 నుంచి 12.05 అని చూపింది. నూటికి 95 టిక్కీల తేమ ఈ రెండు అంకెల మధ్యే ఉంటుందని నాన్నగారు అంటున్నారు. లాట్ సగటు తేమ ఈ రెండింటి మధ్య ఉండే అవకాశం 95 శాతమని నా స్నేహితుడి వాదన. కొనుగోలుదారేమో సగటు 11 శాతం దాటకూడదంటున్నాడు. ఎవరి మాట సరైనది? ఇంకెన్ని టిక్కీలు విప్పాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇద్దరి మాటా సరి కాదు. అయితే మీ స్నేహితుడిది మాట తడబాటు, మీ నాన్నగారిది సరుకు మీద పడే పొరపాటు. కనుక ముందు రెండోదాని సంగతి చూద్దాం.

మీరు చెప్పిన 10.35, 12.05 అనే హద్దులు లాట్ మొత్తం సగటుకు సంబంధించినవే తప్ప విడి టిక్కీలకు సంబంధించినవి కావు. టిక్కీకీ టిక్కీకీ మధ్య తేడాను క్రమవిచలనం చెబుతుంది, అది 1.6. దాన్ని 16కు వర్గమూలమైన 4తో భాగిస్తే వచ్చే 0.4, మీరు లెక్కించిన సగటు ఎంత అటూ ఇటూ అయ్యే వీలుందో చెబుతుంది. రేపు ఆ లాట్ నుంచి చేతికందిన మరో టిక్కీ విప్పితే దాని తేమ ఎంత ఉండవచ్చునని అడిగితే, ఇవే కొలతల ఆధారంగా వచ్చే 95 శాతం హద్దులు దాదాపు 7.7 నుంచి 14.7 వరకు సాగుతాయి. 12 శాతం దాటిన టిక్కీ ఈ లాట్‌లో ఉండదని మీ నాన్నగారు ఎవరికైనా మాట ఇచ్చి ఉంటే వెంటనే వెనక్కి తీసుకోమనండి.

ఇక స్నేహితుడి మాట. తెలుగులో మనం విశ్వాస అంతరం అనుకుంటున్న ఈ భావనను పోలండ్ గణితవేత్త జెర్జీ నేమన్ 1934లో లండన్‌లోని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ముందు ఉంచి, 1937లో పూర్తి సిద్ధాంతంగా ప్రకటించాడు. ఆయన హామీ ఇచ్చింది లెక్క కట్టే పద్ధతికి, మీ చేతిలో ఉన్న ఒక్క అంతరానికి కాదు. మీ లాట్ దగ్గరకు నూరు మంది గుమాస్తాలు ఒకరికొకరు తెలియకుండా వచ్చి, ఒక్కొక్కరూ చీటీ వేసి 16 టిక్కీలు తీసి, తేమ కొలిచి, తమ తమ అంతరాన్ని కాగితం మీద రాసి వెళ్లారనుకోండి. లాట్ అసలు సగటు మారదు, కాగితం మీది అంకెలు మాత్రం మనిషికొక తీరుగా ఉంటాయి. ఆ నూరు కాగితాల్లో ఇంచుమించు 95 అసలు సగటును తమ హద్దుల మధ్య పట్టుకుంటాయి, ఓ ఐదు తప్పిపోతాయి. మీ దగ్గర ఉన్నది ఆ నూటిలో ఒక కాగితం. అది పట్టుకున్నదో తప్పినదో దాని మీద రాసి ఉండదు. మీ స్నేహితుడు చెప్పినట్టే చెప్పాలంటే బేయస్ పద్ధతి అనే వేరే దారి ఉంది. అందులో కొలవకముందే మీకున్న అంచనాను కూడా లెక్కలో పెట్టాలి. బజారులో ఎవరైనా మీ స్నేహితుడిలా మాట్లాడితే నేను దిద్దను, పరీక్షలో రాస్తే మాత్రం మార్కు తగ్గిస్తాను.

హద్దుల కోసం ఆ 0.4ను గుణించడానికి కంప్యూటర్ ఇక్కడ అందరికీ తెలిసిన 1.96 కాక 2.13 వాడిందని గమనించే ఉంటారు. కొలతలు 16 మాత్రమే అయినప్పుడు క్రమవిచలనం కూడా అంచనాయే కాబట్టి అంతరాన్ని కొంత వెడల్పు చేయాలి. ఈ సవరణను 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రకటించిన విలియం గాసెట్, డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. సరుకు ఎక్కువ, విప్పి చూడగలిగింది తక్కువ అన్న చిక్కు యార్డుకీ బీరు కంపెనీకీ ఒకటే.

ఎన్ని టిక్కీలు విప్పాలో చెప్పాలంటే ముందు మీరు ఎంత తేడాను ఓర్చుకోగలరో చెప్పాలి. లాట్ ఎంత పెద్దదన్నది ప్రస్తుతానికి పక్కన పెడితే, సగటుకు అటూ ఇటూ 0.5 చాలనుకుంటే సుమారు 42 టిక్కీలు కావాలి. 0.25 కావాలంటే 84 కాదు, సుమారు 160. అంతరాన్ని సగానికి తగ్గించాలంటే నమూనాను నాలుగింతలు చేయాలి. ఈ లెక్కలో వర్గమూలం ఉన్నంతకాలం ఆ ధర తగ్గదు. అయినా మీ చిక్కు 0.5తోనూ తీరదు. అసలు సగటు నిజంగానే 11.2 అయితే దాన్ని 11 నుంచి వేరు చేసి చూపడానికి హద్దు 0.2 లోపు ఉండాలి. అందుకు, లాట్‌లో ఉన్నవి 400 మాత్రమే అన్న సంగతిని లెక్కలో చేర్చినా, 150కి పైగా టిక్కీలు విప్పాలి. ఆ హమాలీ ఖర్చు కంటే సరుకును మరొక రోజు ఎండబెట్టడమో, ధర దగ్గర కాస్త దిగిరావడమో చవక కావచ్చు.

కొలతలు పెంచకుండా తెలివైన సూత్రంతో అంతరాన్ని సన్నం చేయలేమా అని మీ ఉత్తరం చివర అడిగారు. దానికి 1945లోనే హద్దు గీసినవాడు మన సి.ఆర్. రావు. నూజివీడు, నందిగామ బడుల్లో కూడా చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసిన ఆయన, పక్షపాతం లేని, అంటే పదేపదే వేస్తే సగటున అసలు విలువకే చేరే ఏ అంచనా అయినా ఇచ్చిన నమూనాతో ఒక పరిమితికి మించి కచ్చితం కాలేదని నిరూపించాడు. క్రామర్–రావు హద్దు అంటారు దాన్ని. కొలతలు సాధారణ వితరణను, అంటే సగటు దగ్గర ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా ఉండే గంట ఆకారాన్ని అనుసరిస్తే మామూలు సగటే ఆ హద్దును అందుకుంటుంది. కాబట్టి సూత్రం మార్చి లాభం లేదు.

మరొక్క మాట. ఆ 16 టిక్కీలను ఎక్కడి నుంచి తీశారో మీరు రాయలేదు. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది ఒక గోదాములో నేను నిట్టు పైవరసలో చేతికందిన బస్తాలే విప్పి, చక్కని సన్నటి అంతరం లెక్కకట్టి సంతకం పెట్టాను. అడుగు వరసలు నేల చెమ్మ పీల్చుకుని ఉన్నాయని సరుకు దించినప్పుడు గానీ తెలియలేదు. నా లెక్కలో కూడిక తప్పు లేదు, తీసివేత తప్పు లేదు. నేను కొలిచినది పైవరసను మాత్రమే. టిక్కీలకు వరుస నంబర్లు వేసి చీటీలు తీయండి. చీటీ అడుగు వరసకు పడితే అడుగుదే లాగించండి, హమాలీలు విసుక్కున్నా సరే.

ప్రశ్న: విజయవాడలో నర్సింగ్ పీజీ చేస్తున్నాను. మా సీనియర్ల థీసిస్‌లు ఏది తెరిచినా నమూనా పరిమాణం 384 లేదా 385 అనే ఉంది. మా గైడ్ గారు నన్నూ అదే వేసెయ్యమన్నారు. కృష్ణలంకలో బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టిన తల్లులు ఎంత శాతమో తెలుసుకోవడం నా అధ్యయనం. నా దగ్గర ఉన్న జాబితాలో 800 మంది తల్లులున్నారు. వైవాలో ‘ఎందుకు 385?’ అని అడిగితే ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నా దగ్గరకు సలహా కోసం వచ్చే థీసిస్‌లలోనూ ఆ అంకె తరచుగా కనిపిస్తుంది. అది తప్పు అంకె కాదు. ఒక ప్రశ్నకు సరైన జవాబే, కానీ ఆ ప్రశ్న మీరు అడిగారా లేదా అన్నదే అనుమానం.

అది ఎలా వచ్చిందో చూడండి. 1.96ను వర్గం చేస్తే 3.8416. దాన్ని అంచనా నిష్పత్తి 0.5తోనూ, మిగిలిన 0.5తోనూ గుణించి, ఓర్చుకోగల తేడా 0.05 వర్గంతో, అంటే 0.0025తో భాగిస్తే 384.16 వస్తుంది. మనిషిలో 0.16 వంతును అడగలేం కనుక పైకి సవరించి 385 అంటాం. ఈ చిన్న లెక్కలో ఆరు ఒప్పుకోళ్లు దాగి ఉన్నాయి. విశ్వాసస్థాయి 95 శాతం చాలన్నది మొదటిది. అటూ ఇటూ 5 శాతం పాయింట్ల తేడా మీకు సమ్మతమేనన్నది రెండోది. అసలు నిష్పత్తి 50 శాతం చుట్టుపక్కల ఉంటుందన్నది మూడోది. చీటీలు తీసినట్టుగా ఒక్కొక్క తల్లినీ విడిగా ఎంచుకున్నారన్నది, అడిగినవారందరూ జవాబిచ్చారన్నది, ఎంచుకున్న జనసంఖ్య చాలా పెద్దదన్నది మిగిలిన మూడు. వీటిలో మీ అధ్యయనానికి ఎన్ని పొసుగుతాయో చెప్పడమే వైవాలో మీరు ఇవ్వవలసిన జవాబు.

చివరిదాన్నే తీసుకోండి. మీ జాబితా 800 మందిది. అంత చిన్న జాబితాకు సవరణ ఉంది: 384.16ను, ఒకటికి 383.16లో 800వ వంతు కలిపిన మొత్తంతో భాగించాలి. సుమారు 260 వస్తుంది. అంటే 125 మంది ఇళ్లకు తిరిగే శ్రమ తప్పింది. అదే జాబితా పది లక్షల మందిది అయితే ఈ సవరణ చేసినా 385 దగ్గరే ఉంటుంది. ఊరు ఎంత పెద్దదైతే నమూనా అంత పెద్దదై ఉండాలని చాలామంది అనుకుంటారు. కుండెడు అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూసే మనవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే ఆ సామెత ఒకే మంట మీద అంతటా ఒకేలా ఉడికే అన్నానికే చెల్లుతుంది. పోపు వేసి ఇంకా కలపని పులిహోరలో ఒక మూల మెతుకు నోట్లో వేసుకుని ఉప్పు సరిపోయిందని చెప్పేవారిని వంటింట్లోకి రానివ్వం. నమూనాను యాదృచ్ఛికంగా తీయడమంటే ఆ పులిహోరను కలపడం.

ఇక 50 శాతం అన్న అంచనా. అసలు సంగతి ఏమీ తెలియనప్పుడు అదే క్షేమం, ఎందుకంటే నమూనా అన్నింటికంటే ఎక్కువ కావలసి వచ్చేది అక్కడే. 20 శాతం అనుకుంటే 246 మంది చాలు. కానీ అరుదైన విషయాలకు ఈ 5 పాయింట్ల హద్దే అర్థం లేనిదవుతుంది. మీ స్నేహితురాలు ఎవరైనా నూటికి నలుగురిలో కనిపించే సమస్య మీద పని చేస్తూ అదే హద్దు వాడితే, ఆమె అంతరం మైనస్ 1 శాతం నుంచి 9 శాతం వరకు వస్తుంది. మైనస్ ఒక శాతం మంది తల్లులు ఎవరో ఆమే చెప్పాలి. అక్కడ హద్దును 1.5 పాయింట్లకు దించాలి, అప్పుడు 656 మంది కావాలి. చూశారా, ఒకే సూత్రం ఒకచోట 246 అంది, మరోచోట 656 అంది. 385 దైవవాక్యం కాదు.

జవాబు రానివారి సంగతి మీరు ఉత్తరంలో ఎత్తలేదు. తలుపు తట్టినప్పుడు పనికి వెళ్లినవారు, పుట్టింటికి వెళ్లినవారు, వద్దనేవారు ఉంటారు. నూటికి 85 మంది దొరుకుతారని మీ అనుభవం అయితే 260ని 0.85తో భాగించి 306 పేర్లు తీయండి. కానీ దీనితో సంఖ్య నిండుతుంది గానీ లోటు నిండదు. దొరకని తల్లుల్లో పగలు పనికి పోయేవారే ఎక్కువైతే, వారు ఆరు నెలలూ పాలు పట్టగలిగారా లేదా అన్నదే మీ అధ్యయనానికి ప్రాణం. వారికోసం సాయంత్రం మళ్లీ వెళ్లడం, కొత్తగా పది పేర్లు కలుపుకోవడం కంటే విలువైన పని.

ఒకవేళ జాబితా వదిలేసి నగరమంతా తిరగాలనుకుని, 20 అంగన్‌వాడీ కేంద్రాలు ఎంచుకుని ఒక్కోచోట 20 మంది తల్లులను అడిగారనుకోండి. 400 మంది అయ్యారు గనుక 385 దాటిందని సంబరపడతారు. కానీ ఒకే కేంద్రానికి వచ్చే తల్లులు ఒకే ఆశా కార్యకర్త మాట విన్నవారు, పక్కపక్క ఇళ్లవారు. వారి జవాబులు ఒకదానినొకటి పోలి ఉంటాయి. పోలికే లేకపోతే 0, అందరి జవాబూ ఒకటే అయితే 1 అనే కొలతలో ఆ పోలిక 0.05 మాత్రమే అనుకున్నా, దాన్ని 19తో (కేంద్రానికి 20 మందిలో ఒకటి తక్కువ) గుణించి ఒకటి కలిపితే 1.95 వస్తుంది. 400ను దానితో భాగించండి. మీ 400 మంది విడివిడిగా ఎంచుకున్న 205 మందితో సమానమన్నమాట. నిజంగా 385 మంది పని జరగాలంటే సుమారు 750 మందిని అడగాలి. కేంద్రానికి 20 కాక 10 మందినే తీసుకుని కేంద్రాల సంఖ్య పెంచితే ఈ నష్టం తగ్గుతుంది. ఆటో చార్జీలు పెరుగుతాయి, అది వేరే సంగతి.

అంచనా నిష్పత్తి గానీ క్రమవిచలనం గానీ సర్వే చేయకముందే ఎలా తెలుస్తుందన్నది న్యాయమైన ప్రశ్న. 1937 నుంచి బెంగాల్‌లో జనపనార (జూట్) సాగు విస్తీర్ణాన్ని నమూనాలతో లెక్కకట్టడానికి పూనుకున్న గణాంకశాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్, అసలు సర్వేకు ముందు చిన్న ప్రయోగ సర్వేలు జరిపి, తేడాలు ఎంతున్నాయో, ఒక్కో నేల తునక కొలవడానికి ఖర్చు ఎంతవుతుందో తెలుసుకున్నాకే పెద్ద సర్వేకు పథకం వేశాడు. మీరూ ముందు ఓ 30 మందిని అడిగి చూడండి. ప్రశ్నపత్రంలో తల్లులకు అర్థం కాని ప్రశ్న ఏదో కూడా అప్పుడే బయటపడుతుంది. గైడ్ గారితో వాదించకండి. ఈ లెక్క ఒక పేజీలో రాసి చూపించి, ‘260 సరిపోతుందేమో చూడండి మేడమ్’ అనండి.

ప్రశ్న: మా కాలనీ సంఘం తరఫున మంచినీళ్లు ఉదయం వదలాలా, సాయంత్రం వదలాలా అని వాట్సాప్ గ్రూపుల్లో ఫారం పంపాము. 1,900 మంది జవాబిచ్చారు, 72 శాతం ఉదయమే అన్నారు. తేడా 2 శాతమే అని లెక్కకట్టాము. ఇంత పెద్ద సంఖ్యను ఎవరూ కాదనలేరు కదా?
– ఒక సంఘ సభ్యుడు, గుంటూరు

జవాబు: కాదనవచ్చు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి కార్డులు పంపింది. దాదాపు 24 లక్షలు తిరిగి వచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. కానీ ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. టెలిఫోన్, కారు ఉన్నవారి జాబితాల నుంచి ఎక్కువగా పేర్లు తీయడం ఒక కారణం. కార్డు తిరిగి పంపే ఓపిక ఒక వర్గానికే ఎక్కువగా ఉండటం మరొక కారణం. 24 లక్షల జవాబులకు మీ సూత్రంతో తేడా లెక్కకడితే ఒక శాతంలో పదో వంతు కూడా రాదు.

మీ 2 శాతం లెక్క తప్పు కాదు, కాకపోతే అది చీటీల్లో కలిగే తేడాను మాత్రమే కొలుస్తుంది. గ్రూపుల్లో లేనివారిని, ఫారం తెరవని పెద్దలను, తెల్లవారకముందే పనికి వెళ్లిపోయి సాయంత్రం నీళ్లే దిక్కైనవారిని అది చూడదు. డోర్ నంబర్ల జాబితా నుంచి 200 ఇళ్లు చీటీ వేసి తీసి, తాళం ఉన్న ఇంటికి మరో రెండుసార్లు వెళ్లి అడగండి. తేడా అటూ ఇటూ 7 శాతం వస్తుంది. 72కూ 28కీ మధ్య ఉన్న దూరానికి ఆ 7 శాతం అడ్డు రాదు.

ప్రశ్న: విజయవాడలో లెక్కల మాస్టారిని. రెండు సెక్షన్లకు వేర్వేరు పద్ధతుల్లో పాఠం చెప్పించాము. ఒక్కోదానిలో 64 మంది. సగటు మార్కులు 50, 45. రెండింటి క్రమవిచలనం 12. అంతరాలు 47 నుంచి 53, 42 నుంచి 48. ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి కాబట్టి తేడా లేదనేద్దామా?
– ఒక ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: అనవద్దు మాస్టారూ. అంతరాలు అసలు కలవకపోతే తేడా ఉందనవచ్చు గానీ, కొంచెం కలిస్తే లేదని అనలేం. అడగవలసింది తేడా తాలూకు అంతరం. ఒక్కో సగటు ప్రామాణిక దోషం (క్రమవిచలనం 12ను 64 వర్గమూలమైన 8తో భాగిస్తే వచ్చేది) 1.5. రెండింటినీ వర్గం చేసి కూడి వర్గమూలం తీస్తే 2.12 అవుతుంది, 3 కాదు. తేడా 5 మార్కులకు 95 శాతం అంతరం 0.8 నుంచి 9.2. సున్నా అందులో లేదు. కానీ ఒక మార్కు కంటే తక్కువ మేలు నుంచి తొమ్మిది మార్కుల మేలు దాకా ఏదైనా కావచ్చునంటున్న ఫలితం చూసి పాఠశాల మొత్తం పద్ధతి మార్చమని నేను చెప్పను.

వచ్చే ఏడాది మళ్లీ చేసేటట్లయితే, 5 మార్కుల తేడా నిజంగా ఉంటే నూటికి 80 సార్లు పట్టుకోగలగాలంటే ఒక్కో పద్ధతికి 91 మంది కావాలి. 3 మార్కుల తేడాకు 252 మంది. పైగా ఒక్కో పద్ధతికి ఒకే సెక్షన్, ఒకే టీచర్ ఉంటే గెలిచింది పద్ధతా, టీచరా అన్నది ఎంతమంది పిల్లలున్నా తేలదు. పద్ధతికి కనీసం నాలుగైదు సెక్షన్లు ఉండేలా పక్క బడులను కలుపుకోండి.

ప్రశ్న: పచ్చళ్ల వ్యాపారం మాది. 60 సీసాలు తలకిందులుగా పెట్టి చూశాము, ఒక్కటీ కారలేదు. కారే సీసాలు సున్నా శాతమని పెద్ద కొట్టువారికి రాసివ్వవచ్చా?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: అలా రాయకండమ్మా. ఒక్కటీ దొరకనప్పుడు 3ను సీసాల సంఖ్యతో భాగించండి, 60కి 5 శాతం వస్తుంది. కారేవి నూటికి ఐదుకు మించవని 95 శాతం విశ్వాసంతో చెప్పగలరు, అంతే. నూటికి ఒకటికి మించవని రాసివ్వాలంటే 300 సీసాలు తలకిందులు చేయాలి, వాటిలో ఒక్కటీ కారకూడదు. ఆ 300 కూడా ఒకే రోజు మూత బిగించినవి కాక, వేర్వేరు రోజులవి, వేర్వేరు చేతులు బిగించినవి తీసుకోండి.